కుడి ముందు చక్రం

మా ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసిన ఏడాదే మేం కారు కొన్నాం. అంతకుముందు మాకు కారుతో పనిపడలేదు. ఆయన ఏజెన్సీలో రోడ్లు వేయించే ఆఫీసులో జీపు డ్రైవరు. నేను అరకులోయలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని. ఎప్పుడైనా విశాఖపట్నం వెళ్లాలంటే బస్సు ఉండేది, సాయంత్రం దిగే పాసింజరు రైలు ఉండేది.

మాది అడ్డతీగల వైపు. తొంభైల మొదట్లో ఉద్యోగం వచ్చి ఈ కొండల్లోకి వచ్చాను. చేరడానికి వస్తున్న రోజున బస్సు అనంతగిరి దగ్గర ఆగిపోయింది. వెనక వచ్చిన జీపులో నన్నూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లనీ ఎక్కించుకుని తీసుకొచ్చింది ఆయనే. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మలుపు వచ్చినప్పుడల్లా హారన్ కొట్టడం మాత్రమే విన్నాను. కొంతకాలానికి చర్చిలో మా పెళ్లయింది. పిల్లలు కలగలేదు. గూడెం కొత్తవీధి నుంచి ఒరిస్సా సరిహద్దు దాకా ఆయన తిరగని రోడ్డు లేదు. వర్షానికి కొట్టుకుపోయిన చోట జీపుని వాగులో దింపి అవతలి గట్టుకి ఎక్కించేవారట. ఇంటికొచ్చి అవన్నీ చెప్పే అలవాటు మాత్రం ఆయనకి లేదు. తోటి డ్రైవర్లు చెబితే నాకు తెలిసేది.

అలాంటి మనిషికి కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది, అన్నం సహించలేదు. విశాఖలో డాక్టరు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలన్నారు. అప్పట్లో ఆ మిషన్లు కొండమీద ఎక్కడా లేవు. బదిలీకి అర్జీ పెట్టుకున్నాను, రాలేదు. విశాఖలో ఇల్లు తీసుకుని ఆయన్ని ఒక్కరినే ఉంచడానికి నా మనసొప్పలేదు. మొదట్లో బస్సులో తీసుకెళ్లాను. రక్తం శుద్ధి చేయించుకుని వచ్చే మనిషి ఘాట్ రోడ్డులో బస్సు కిటికీకి తల ఆనించి వాంతులు చేసుకుంటుంటే చూడలేకపోయేదాన్ని. ఒకసారి సీటు దొరక్క శృంగవరపుకోట దాకా నిలబడే వచ్చారు. ఆ వారమే కారు కోసం వెతకడం మొదలుపెట్టాను.

విశాఖలో ఒక పెద్ద కంపెనీ ఆఫీసరు బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మిన కారు అది. కొత్తలో ఖరీదైన బండి. అప్పటికే పాతబడింది కాబట్టి మాకు అందుబాటులో దొరికింది. అందులో ఏబీఎస్ బ్రేకులు ఉన్నాయని ఆఫీసరు గర్వంగా చెప్పాడు. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోవట, బండి జారదట. ఆయన బోనెట్ ఎత్తి, వంగలేక వంగి చూసి, "బాగుంది" అన్నారు. అంతే.

కానీ నడపడం ఆయన వల్ల కాలేదు. బీపీతో చూపు మసకబారింది. డయాలసిస్ అయిన రోజున కళ్లు తిరిగేవి. నేను నేర్చుకున్నాను. నలభైకి దగ్గరపడుతున్న వయసులో బడి వెనక మైదానంలో, సెలవు రోజుల్లో, పక్క సీట్లో ఆయన కూర్చుని చెబుతుంటే నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చాక కూడా ఘాట్ దిగడానికి చాలా రోజులు పట్టింది.

పసుపు రంగు లైటు మొదటిసారి వానాకాలం ముగింపులో వెలిగింది. డయాలసిస్ నుంచి తిరిగి వస్తున్నాం. ఘాట్‌లో టైడా దాటాక మీటర్ల మధ్యలో ఏబీఎస్ అనే మూడు అక్షరాలు వెలిగి, ఇంటికొచ్చేదాకా ఆరలేదు. మర్నాడు ఉదయం స్టార్ట్ చేస్తే వెలగలేదు. ఆయన, "తడి తగిలుంటాది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత అది ఒకరోజు వెలగడం, రెండురోజులు ఆరిపోవడం అలవాటైపోయింది. రోగి ఉన్న ఇంట్లో అలాంటివి పట్టించుకునే తీరిక ఉండదు. ఆయనకి ఎంత నీళ్లు తాగనివ్వాలి, ఉప్పు ఎంత, చేతికి సూది వేసిన చోట రక్తం ఆగిందా లేదా, నా ధ్యాసంతా వీటి మీదే.

పొలాల్లో వలిసెలు పసుప్పచ్చగా పూసే రోజుల్లో, సంత రోజున, ఆ లైటు సంగతేమిటో తెలిసింది.

ఉదయం బయల్దేరాం. సంతకి వచ్చే జనంతో రోడ్డు నిండిపోయింది. నేను నెమ్మదిగానే వెళ్తున్నాను. ముందు ఒక జీపు ఆగింది. దాని పక్కన బుట్టలు దించుకుంటూ ఆడవాళ్లు నిలబడ్డారు. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. కాలి కింద పెడల్ గుర్రుమంటూ వణికింది. నా కాలిని వెనక్కి తన్నినట్టయింది. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా గట్టిగా వణికింది. బండి నడుస్తూనే ఉంది, మనిషి నడిచే వేగంతో, ఆ ఆడవాళ్ల మీదికి.

"హ్యాండ్ బ్రేకు!" అని ఆయన అరిచి తనే లాగారు.

బండి ఆగేలోపు ఒక ముసలామె కింద పడింది. ఆమె బుట్టలోని సీతాఫలాలు రోడ్డంతా దొర్లాయి. నేను తలుపు తీసుకుని పరిగెత్తాను. ఆమె అప్పటికే లేచి కూర్చుంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. ఇంకెక్కడా దెబ్బ తగల్లేదు. చుట్టూ జనం మూగారు. ఒకతను గట్టిగా తిడుతున్నాడు. తిట్టనీ అనిపించింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, బ్రేకు పడలేదమ్మా, బ్రేకు పడలేదు" అంటున్నాను. అదే మాట ఎన్నిసార్లు అన్నానో.

ఆమె నన్ను చూడలేదు. కారులోకి చూసింది. హ్యాండ్ బ్రేకు లాగిన చెయ్యి నొప్పెట్టి ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నారు. మోచేతి దగ్గర కట్టు, ఉబ్బిన మొహం.

"ఏటయింది ఆ బాబుకి?" అని అడిగింది.

"కిడ్నీలు పాడయ్యాయి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

"మరి నిలబడ్డావేటి? బేగి తీస్కెళ్లు." తిడుతున్నతన్ని తన భాషలో ఏదో అంది. అతను మాట ఆపేసి ఒంగి సీతాఫలాలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆమెని ముందు మా ఊరి ఆస్పత్రిలో చూపించి, కట్టు కట్టించి, మళ్లీ సంత దగ్గర దించాకే బయల్దేరాం. ఘాట్ దిగినంతసేపూ రెండో గేరు దాటలేదు. ఆరోజు డయాలసిస్‌కి ఆలస్యంగా చేరామని నర్సు విసుక్కుంది. ఆయన మిషను మీద ఉండగానే నేను కారుని ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను.

గ్యారేజీ యజమాని నా వయసువాడే. ఒక చిన్న యంత్రాన్ని వైరుతో కారుకి తగిలించి చూశాడు. తర్వాత కారుని పైకెత్తించి, కుడి పక్క ముందు చక్రం ఊడదీయించి నాకు చూపించాడు.

"ఇక్కడొక సెన్సార్ ఉంటుంది మేడమ్. ఈ చక్రం ఎంత స్పీడులో తిరుగుతోందో లోపలి కంప్యూటర్‌కి చెబుతుంది. ఇది పోయింది. చక్రం తిరుగుతున్నా ఆగిపోయిందని తప్పుడు లెక్క పంపుతోంది. చక్రం బిగుసుకుపోయింది కాబోలనుకుని అది బ్రేకుని వదిలేస్తోంది. మీరు తొక్కుతున్నారు, అది వదిలేస్తోంది."

"మార్చండి."

ఈ మోడల్లో సెన్సార్ ఒక్కటే విడిగా రాదట. బేరింగుతో కలిపి మొత్తం మార్చాలట. ఆ కారు తయారుచేయడం ఆపేసి చాలాకాలమైంది కాబట్టి ఎక్కడో పై ఊరినుంచి తెప్పించాలట. ఎంతవుతుందో కనుక్కుని చెప్పాడు. మేం కారు కొన్న ధరలో పెద్ద భాగమే అది. అరచేతిలో ఇమిడే వస్తువుకి అంత ఖరీదా అని నేను మళ్లీ అడిగాను. అతను మళ్లీ అదే చెప్పాడు.

"ఇంకో దారుంది. ఫ్యూజు తీసేస్తాను. ఏబీఎస్ పనిచెయ్యదు. మామూలు బ్రేకు మామూలుగా పడుతుంది, ఇవాళ జరిగినట్టు జరగదు. కాకపోతే తడిరోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. మీరు ఘాట్‌లో తిరిగేవాళ్లు. నన్నడిగితే మార్పించుకోవడమే మంచిది."

డయాలసిస్ గదికి తిరిగి వెళ్లి ఆయనకి చెప్పాను. మిషను తిరుగుతోంది. గొట్టాల్లో ఆయన రక్తం బయటికి వచ్చి లోపలికి పోతోంది. ఆయన అంతా విని, "ఫ్యూజు తీయించేయ్" అన్నారు.

"మార్పిద్దామండీ. ఇవాళ ఆమెకేమైనా అయ్యుంటే?"

"నా జీపుకి ఏబీఎస్ ఉందేటి? ఇరవయ్యేళ్లు తోలాను."

"తోలింది మీరు. నేను కాదు."

"నేర్పుతాను." కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరవకుండానే, "నా మీద పోసేది చాలదా? కారు మీద కూడా పోత్తావా? ఎన్నాళ్లు తిరుగుతాం మనం ఇలాగ" అన్నారు.

ఆ చివరి మాట ఇద్దరి మధ్యా అలా ఉండిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఫ్యూజు తీయించాను. పసుపు లైటు ఇక ఎప్పుడూ ఆరకుండా వెలుగుతూ ఉండిపోయింది.

నేర్పుతానన్నారు, నేర్పారు. రైలు కట్ట అవతల వరి కోసేసిన పొలాల మధ్య ఒక ఎర్రమట్టి బాట ఉండేది. వాన పడిన మర్నాడు అక్కడికి తీసుకెళ్లమన్నారు. కాస్త వేగం అందుకున్నాక ఒక్కసారిగా బ్రేకు తొక్కమన్నారు. తొక్కాను. చక్రాలు బిగుసుకున్నాయి. నేను స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తాను జారుతూ పోయి పొలం గట్టుని తాకి ఆగింది.

"తెలిసిందా?" అన్నారు. "బిగుసుకున్న చక్రం నీ మాట ఇనదు. ఒదిలీ. ఒదిలితే తిరుగుతాది. తిరిగితే నువ్వు తిప్పినేపు వత్తాది. తొక్కు, ఒదులు, మళ్లీ తొక్కు."

మళ్లీ చేశాను. మళ్లీ జారింది. తొక్కినప్పుడు వదలడం చాలా కష్టం. భయంలో కాలు ఇంకా నొక్కుతుందే తప్ప లేవదు. ఆయన విసుక్కోలేదు. చలికి శాలువా కప్పుకుని, పక్క సీట్లో వెనక్కి వాలి, ప్రతిసారీ "ఊఁ, ఇంకోసారి" అనేవారు. కొన్ని వారాల పాటు వాన పడినప్పుడల్లా వెళ్లాం. ఒకరోజు చక్రం బిగుసుకోబోతున్న క్షణం నా అరికాలికి తెలిసింది. కాలు దానంతటదే లేచింది. బండి గట్టుని తప్పించుకుని బాట మధ్యలో ఆగింది. ఆయన వైపు చూశాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ, "ఇంటికెళ్దాం, చలేస్తంది" అన్నారు.

ఆ ఏడాది గడిచింది. ఆయన చిక్కిపోయారు. సీటు బెల్టు పెట్టేటప్పుడు నా చేతికి పక్కటెముకలు తగిలేవి. చర్చిలో అందరితో కలిసి ప్రార్థన చెప్పే ఓపిక కూడా పోయింది. విశాఖ వెళ్లే దారిలో మాటలు తగ్గిపోయాయి. కాఫీ తోటల మధ్య నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఎప్పుడైనా ఒక మలుపు చూపించి, "ఇక్కడ లారీ పడిపోయింది అప్పట్లో" అనేవారు, లేదా "ఈ కల్వర్టు మేం కట్టించిందే" అనేవారు. అన్నేళ్లలో ఇంట్లో చెప్పని కబుర్లు ఆ సీట్లో కూర్చుని చెప్పారు.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వస్తుండగా ఘాట్ మొదట్లోనే వాన పట్టుకుంది. అద్దం మీద నీళ్లు తుడిచినకొద్దీ నిండుతున్నాయి. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోయారనుకున్నాను. అనంతగిరికి ఇంకా కొంత దూరం ఉండగా కాసేపు దిగుడు ఉంటుంది. ఆ దిగుట్లో మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా కొండ మీంచి జారిన మట్టి, రాళ్లు. వాటి ఇవతల ఆగిపోయిన బస్సు. దిగి వానలో నిలబడిన మనుషులు.

తొక్కాను. చక్రాలు బిగుసుకున్నాయి. బండి లోయ వైపు జారడం తెలిసింది. వదిలాను. తొక్కాను. వదిలాను. బండి ముక్కు కొండ వైపుకి తిరిగింది. కొండ పక్కన కాలవలోకి ఎడమ చక్రం దిగి, బస్సుకి కాస్త దూరంలో ఆగిపోయింది. ఇంజను ఆగింది. పైకప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

చాలాసేపు నేను స్టీరింగు వదలలేదు. ఆయన నిద్రపోలేదు. తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

"బాగా ఆపావు" అన్నారు. కొంచెం ఊపిరి తీసుకుని, "ఆ సెన్సారు ఏయించు" అన్నారు.

"ఆగింది కదండీ. మీరు నేర్పినట్టే ఆపాను."

"ఆపావు. ఇయాళ నేను పక్కనున్నాను, నీ ఒళ్లంతా జాగర్తగా ఉంది. రేపు నేనుండను. ఒక్కద్దానివీ ఏ ఆలోచనలోనో వత్తావు ఈ రోడ్డు మీద. నాకు అదే కనబడతంది ఇంతసేపూ."

అంతవరకూ మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆయనే చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టారు. అప్పుడు తెలిసింది నాకు, నా కాలు ఇంకా బ్రేకు మీదే ఉందని. బస్సులోంచి దిగిన మనుషులు వచ్చి కారుని కాలవలోంచి లేపారు. సాయంత్రానికి మట్టి తీశారు. ఇంటికి చేరాం.

మర్నాడే గ్యారేజీకి ఫోను చేశాను. పక్కన మంచం మీద పడుకుని ఆయన వింటున్నారు. వస్తువు దొరకడానికి టైము పడుతుందని గ్యారేజీ అతను చెబుతుంటే, ఆయన ఫోను తన చేతికివ్వమన్నారు. "పాత బండిలోంచి ఊడదీసింది ఎయ్యకు బాబూ. కొత్తదే తెప్పించు. ఆవిడ ఒక్కత్తీ తోలుకోవాలి" అని చెప్పారు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతు అంత గట్టిగా వినబడింది.

అది రాలేదు. డబ్బు కట్టాక కూడా వారాలు గడిచాయి. మధ్యలో ఒకసారి వేరే మోడల్‌ది వచ్చిందని వెనక్కి పంపించేశారు. నేను బాగా నెమ్మదిగా నడుపుతూ, వాన ఎక్కువైతే ఎక్కడో ఒకచోట ఆపుకుంటూ రోజులు నెట్టుకొచ్చాను. ప్రతిసారీ విశాఖలో దిగగానే ఆయన మొదటి ప్రశ్న అదే: "వచ్చిందంటా అది?"

వానలు వెనకపట్టాయి. ఆయనకి జ్వరం వచ్చింది. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరిందన్నారు డాక్టర్లు. ఈసారి ఆస్పత్రిలో ఉంచేశారు. రెండోరోజు మాట పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ఉబ్బించిన నరం నా వేళ్ల కింద ఝుమ్మని కొట్టుకుంటూ ఉండేది. డయాలసిస్ మొదలైనప్పటినుంచీ రోజూ తాకి చూసుకునే అదురు అది. అది కొట్టుకుంటే మిషనుకి పనికొస్తుందని ధైర్యం. ఆదివారం ఉదయం, పక్క వీధి చర్చిలో గంటలు మోగుతుండగా అది ఆగిపోయింది.

ఆయన్ని వ్యానులో పైకి తీసుకొచ్చారు. నేను పక్కన కూర్చున్నాను. కారు ఆస్పత్రి ఆవరణలోనే ఉండిపోయింది. మా చర్చి వెనక, సిల్వర్ ఓక్ చెట్ల పక్కన సమాధి చేశాం. ఏజెన్సీలో ఎక్కడెక్కడినుంచో డ్రైవర్లు జీపులేసుకుని వచ్చారు. చర్చి ముందు రోడ్డుకి రెండువైపులా జీపులే.

పది రోజులో, ఇంకా ఎక్కువో గడిచాక ఫోను వచ్చింది. "మేడమ్, మీ సెన్సార్ వచ్చేసింది. సారుకి చెప్పండి" అన్నాడు గ్యారేజీ అతను. అతనికి తెలియదు. చెప్పాను. "పోనీ వద్దంటే చెప్పండి మేడమ్, నేను వెనక్కి పంపించి మీ డబ్బు తెప్పిస్తాను" అన్నాడు మెల్లగా.

నిజమే, నాకిక విశాఖతో పని లేదు. కారుతోనూ లేదు. అమ్మేయమని మా తమ్ముడు అప్పటికే చెప్పాడు. ఒక రాత్రి, ఒక పగలు ఆలోచించాను. ఆయన మంచం మీంచి ఫోను అడిగి తీసుకుని అన్న మాట చెవిలో ఉంది. "వెయ్యండి, నేనొస్తాను" అని కబురు చేశాను.

బస్సులో వెళ్లాను. ఆస్పత్రి ఆవరణలో కారు మీద ఆకులు రాలి, దుమ్ము పట్టి ఉంది. గ్యారేజీ మనుషులు వచ్చి దాన్ని తీసుకెళ్లి, కొత్తది వేసి, ఫ్యూజు తిరిగి పెట్టారు. గ్యారేజీ అతనే నన్ను ఎక్కించుకుని ఖాళీ రోడ్డు మీద నడిపి చూపించాడు. ఇన్నాళ్లూ వెలుగుతూ వచ్చిన లైటు ఆరిపోయింది. అతను తీసుకోవాల్సిన కూలి తీసుకోనన్నాడు. నేను ఒప్పుకోలేదు. "సారు ఫోనులో అంత గట్టిగా చెప్పారు మేడమ్, పాతది వెయ్యొద్దని" అని మాత్రం అన్నాడు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి ఒంటరిగా ఘాట్ ఎక్కాను. ఎండ కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది. బ్రేకు గట్టిగా తొక్కాల్సిన అవసరమే రాలేదు. టైడా దాటాక పక్క సీటు వైపు చూడకూడదని అనుకున్నాను, చూశాను. ఒకచోట రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపి ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. సొరంగంలోంచి గూడ్సు రైలు బయటికి వచ్చి, పెట్టె తర్వాత పెట్టె, కొండ మలుపులో కనుమరుగయ్యేదాకా అక్కడే ఉన్నాను.

కారు అమ్మలేదు. బడిలో పిల్లలకి జ్వరాలొస్తే, పాము కరిస్తే, చుట్టుపక్కల గూడేల్లో కాన్పు కష్టమైన ఆడవాళ్లెవరినైనా కిందికి దించాల్సొస్తే అందులోనే తీసుకెళ్లేదాన్ని. ఇంజను పూర్తిగా పనికిరాదనేదాకా చాలా ఏళ్లు నడిచింది. వానలో నేను మరీ నెమ్మదిగా నడుపుతానని వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టేవారు. పక్కకి తీసి దారి ఇచ్చేదాన్ని.